గోడ అవతలికి ఒక గిన్నె

ఎల్.బి.నగర్ కూడలి దాటి మన్సూరాబాద్ కాలనీల్లోకి వస్తే, మే నెల మధ్యాహ్నాల్లో వీధులు నిర్మానుష్యంగా కనిపిస్తాయి. డాబా ఇళ్ళు రాత్రి పది దాటినా సెగలు కక్కుతూనే ఉంటాయి. అరబీలో ‘మన్సూర్’ అంటే సహాయం పొందినవాడని అర్థం. మేము ఇక్కడ స్థిరపడి ఇరవై ఏళ్ళు.

మా పక్కింట్లో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని ఒంటరిగా ఉంటారు. శుద్ధ శాకాహారి. పండుగలకు పళ్ళు పంపేవాళ్ళమే తప్ప, మా వంటింటి నుండి ఆ ఇంటికి ఏనాడూ ఒక గిన్నె వెళ్ళలేదు. పులుసు వండితే నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగువారిని గుర్తుంచుకోమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (రజి)కు ఉపదేశించారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసును ఏటా విద్యార్థులకు బోధిస్తూనే ఉన్నాను. మా పులుసు మాంసంది కదా, ఆమెకెలా పనికొస్తుందని సరిపెట్టుకున్నాను. వేరే పులుసు వండవచ్చన్న ఆలోచనే రాలేదు.

నిరుటి వేసవిలో ఎండలకు ఆమెకు అన్నం సహించక మజ్జిగతోనే గడుపుతున్నారని తెలిసింది. అప్పుడు మా అమ్మాయి ఇటలీలోని టస్కనీ ప్రాంతపు వంటకం ఒకటి చెప్పింది. పేరు ‘పప్పా అల్ పొమొదోరో’. ఎండిన రొట్టెను పారవేయకుండా టమాటాల రసంలో నానబెట్టి ఉడికించే పేదల వంట. వేడిగానూ తింటారు, వేసవిలో చల్లార్చీ తింటారు. టమాటా 16వ శతాబ్దంలో అమెరికా ఖండం నుండి ఐరోపా చేరింది. ఇందులో వేసే సువాసన ఆకు మాత్రం మనకు కొత్తది కాదు. ఫలూదాలో వేసుకునే సబ్జా గింజల మొక్కే అది. తెలుగులో రుద్రజడ అంటారు. అరబ్బులు రైహాన్ అంటారు. సూరా అర్రహ్మాన్‌లో సుగంధ మొక్కలకు వాడిన పదమూ రైహానే.

ఆ మొక్క పక్కింటి కుండీలోనే ఉంది. మా అమ్మాయి గుప్పెడు ఆకులు అడిగి తెచ్చింది. ఆమె వెల్లుల్లి, గుడ్డు ముట్టరని కూడా మాటల్లో తెలుసుకొని వచ్చింది.

వనస్థలిపురం రైతుబజారులో బాగా పండిన టమాటాలు కిలో తెచ్చాను. గుడ్డు కలవని రొట్టె కావాలని అడిగి, తెచ్చి ఒక రోజు ఆరనిచ్చాము. నా భార్య కొత్త స్టీలు గిన్నె కొన్నది. టమాటాలను మరిగే నీళ్ళలో ఒక నిమిషం ఉంచి తొక్క తీసింది. నాలుగు చెంచాల జైతూన్ నూనెలో ఉప్పు, మిరియాలపొడి వేసి సన్నని సెగపై ఇరవై నిమిషాలు మగ్గించింది. రెండు గ్లాసుల నీళ్ళు పోసి, నాలుగైదు రొట్టె ముక్కలు తుంచి వేసి, పది నిమిషాలు కలిపింది. చిక్కబడిందని మరో గ్లాసు నీళ్ళు పోసింది. నేను చూస్తూ ఉండిపోయాను. దించాక ఆకులు తుంచి వేసి, చల్లారాక మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచింది. ఇటలీవారు పైన చల్లే పర్మేసాన్ చీజ్‌ను దూడ పొట్ట నుండి తీసిన రెన్నెట్‌తో గడ్డకట్టిస్తారు. అది ఆమెకు నిషిద్ధం, మాకూ సందేహాస్పదం. కనుక మానివేశాము. వెల్లుల్లి లేని లోటును కాస్త నిమ్మరసం తీర్చింది.

అసర్ నమాజు తర్వాత నా భార్య గిన్నె తీసుకెళ్ళింది. “మీ ఇంట్లోనే వండావా?” అని ఆమె అడిగారట. కొత్త గిన్నె అనీ, వెల్లుల్లి వేయలేదనీ నా భార్య చెప్పబోతే, “అవన్నీ ఎందుకమ్మా, లోపలికి రా” అన్నారట. ఆ పూట కప్పెడు తిన్నారు.

మర్నాడు గిన్నె మామిడికాయ పప్పుతో తిరిగి వచ్చింది. ఆ వంటింటి నుండి మాకు వచ్చిన మొదటి గిన్నె అది.

ఈ ఏడు తరగతిలో ఆ హదీసు వచ్చినప్పుడు, అర్థం చెప్పేముందు విద్యార్థులను అడిగాను: “మీ గోడ అవతల ఎవరుంటారు? వారు ఏమి తింటారు?”