టూసాన్ చెత్త చెప్పిన సంగతులు

అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ నగరానికి వెళ్లినవారు ముప్పై నలభై అడుగుల ఎత్తున చేతులు చాచి నిలబడే సవారో జెముళ్లను చూసి, ఫొటోలు తీసుకొని వస్తారు. మేమూ చూశాము. ఎండ మాత్రం మన రెంటచింతల ఎండకు ఏమీ తీసిపోదు! అయితే ఆ ఊరికి మరొక ఖ్యాతి ఉన్నది. మనుషులు పారవేసే చెత్తను శాస్త్రంగా చదివిన ఊరు అది.

పాతకాలపు కుండపెంకులను బట్టి ఆనాటివారి బ్రతుకును చెప్పగలిగినప్పుడు, నేటి చెత్తను బట్టి నేటివారి బ్రతుకును ఎందుకు చెప్పలేమని అక్కడి అరిజోనా విశ్వవిద్యాలయపు పురావస్తు శాస్త్రజ్ఞుడు విలియం రాత్జీ 1973లో ఈ పని మొదలుపెట్టారు. నగరపాలక సంస్థవారు ఇళ్లనుంచి తెచ్చి ఇచ్చిన సంచులను విద్యార్థులు బల్లలమీద కుమ్మరించి, ఒక్కొక్క వస్తువును వేరుచేసి, తూచి రాసుకొనేవారు. ఏ సంచి ఎవరి ఇంటిదో పేరు ఎక్కడా రాయలేదు. చదువుకొనే పిల్లలు చేతికి తొడుగులు వేసుకొని ఊరి ఎంగిలిని తూచడమంటే సామాన్యమైన సంగతి కాదు.

తేలినవి వింతగా ఉన్నాయి. 1973లో అమెరికాలో గొడ్డుమాంసానికి కరువొచ్చింది. కరువులో జనం జాగ్రత్తగా తింటారనుకుంటాము గదా! ఆ నెలల్లోనే పారవేసిన మాంసం ఎక్కువ. దొరకదేమోననే భయంతో జనం ఒకేసారి బోలెడు కొన్నారు. అలవాటు లేని రకాలు కూడా కొన్నారు. వాటిని ఎలా వండాలో, ఎలా దాచాలో తెలియలేదు.

ఇంకొక సంగతి మన అమ్మలకు బాగా నచ్చుతుంది. ఒకే రకం తిండి తినే ఇంట్లో వృథా తక్కువని రాత్జీ గ్రహించారు. రోజూ తినే రొట్టె కొద్దిగానే పోతుంది, ఎప్పుడో ఒకసారి కొనే బన్ను ఎక్కువగా పోతుంది. మెక్సికో సరిహద్దుకు దగ్గరైన ఆ ఊళ్లో మెక్సికన్ కుటుంబాలు చిక్కుళ్లు, టమోటాలు, మిరపకాయలు, రొట్టెలు ఇవే తిప్పితిప్పి వండుతారు. నిన్న మిగిలినది నేటి కూరలో కలిసిపోతుంది. మన రాత్రి అన్నం ప్రొద్దున చద్దన్నమో పులిహోరో అయినట్లే.

రాత్జీ 2012లో కన్నుమూశారు. ఈ పద్ధతి చెత్తకుండీ దగ్గరే ఆగలేదు, వంటింట్లోకి కూడా వచ్చింది. బ్రిటన్‌లో రాప్ అనే సంస్థ గృహిణుల చేతనే వంటింటి డైరీ రాయించింది. ఏమి పారవేశాము, ఎంత, ఎందుకు అన్నవి అందులో రాయాలి. శాస్త్రం చదవని మామూలు మనుషులే శాస్త్రానికి కావలసిన లెక్క సమకూర్చడమన్నమాట.

టూసాన్‌లో అమ్మాయి ఇంట ఉన్న వారం రోజులు మేమూ ఒక నోటుపుస్తకం, చిన్న త్రాసు పెట్టాము. అన్నం మెతుకు కూడా పోలేదు. పోయినది సంచిలో తరిగి అమ్మే ఆకుకూర, ఒకటి కొంటే ఒకటి ఉచితమని తెచ్చిన పెరుగు, కొత్తిమీర కట్టలో సగం. మూడోరోజున అల్లుడుగారు పులిసిన మజ్జిగను గ్లాసులో పోసుకొని గటగటా తాగేశారు. ఎందుకయ్యా అంటే, పుస్తకంలో ఎక్కుతుంది గదండీ అన్నారు! డైరీలకున్న అసలు చిక్కు ఇదే. రాస్తున్నామని తెలిస్తే మనిషి మారిపోతాడు. అందుకే డైరీ లెక్క చెత్తకుండీ లెక్క కన్నా తక్కువగా వస్తుంది. రెండూ చూడవలసిందే.

ఇది కాలక్షేపం కబురు కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలోని ఇళ్లలో తలకు ఏడాదికి 79 కిలోల తిండి వృథా అయింది. మన దేశానికి కట్టిన అంచనా 55 కిలోలు. మనది కొద్దిచోట్ల తూచినదాన్ని బట్టి దేశమంతటికీ కట్టిన అంచనా. మన ఊళ్ల వంటిళ్లలో తూచినవారు ఎంతమంది?

ఇంటికి వచ్చాక నలుగురు ఇల్లాళ్లు తూస్తామని ముందుకు వచ్చారు. మొదటిరోజే తగవు వచ్చింది. బీరకాయ తొక్కును చెత్త గడిలో రాయాలా? అది పచ్చడి గదా అన్నది ఒకావిడ. మునక్కాయ పిప్పి, చింతపండు పిప్పి సంగతో? బ్రిటన్‌వారు కూడా తప్పించగలిగిన వృథా, తప్పించలేనిది, అటూఇటూ కానిది అని మూడు గళ్లు పెట్టుకొన్నారు. మా పుస్తకంలో బీరతొక్కు ఇప్పటికి మూడో గడిలో ఉన్నది.