ఓపెన్ బిల్లు

హోటల్లో తిన్నోళ్లంతా బిల్లు కడతారనుకుంటాం. కట్టేవాళ్లు కడతారు, కట్టనివాళ్లు కట్టరు. కట్టనివాళ్ల బిల్లు చివరికి ఎవరి మీద పడుతుందో తెలియాలంటే హోటలు రిపోర్టు చూడాలి. మూడేళ్లు ఆ రిపోర్టు నా చేత్తో తీశాను గనుక చెప్తున్నాను.

2009 నుంచి 2012 దాకా గుంటూరులో ఒక హోటల్లో రాత్రి బిల్లింగు కౌంటర్లో పనిచేశాను. పగలు డిగ్రీ కాలేజీ, సాయంత్రం ఆరు నుంచి రాత్రి ఒంటిగంట దాకా కౌంటరు. మాది పల్నాట్లో ఒక మాదిగపల్లె. మా యింట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. మా చిన్నాయన అప్పటికే అదే వూళ్లో యింకో హోటల్లో అంట్లు కడిగేవాడు. ‘‘మనోళ్లలో కుర్చీ మీద కూచుని హోటలు చూసినోడివి నువ్వేరా’’ అని మురిసిపోయేవాడు.

కౌంటరు లెక్క యిట్లా వుంటుంది. టేబులు దగ్గర ఆర్డరు చెప్పగానే సర్వరు కేఓటీ రాస్తాడు. అందులో ఒక కాపీ వంటింటికి పోతుంది, ఒకటి కౌంటరుకి వస్తుంది. మేం ఆ టేబులు నెంబరు మీద కంప్యూటర్లో బిల్లు తెరుస్తాం. తెరిచిన దగ్గర్నుంచి డబ్బు చేతికొచ్చేదాకా అది ఓపెన్ బిల్లు. డబ్బు గల్లాపెట్టెలో పడ్డాక సెటిల్ అని కొడితే అది పెయిడ్ బిల్లు. రాత్రి హోటలు కట్టేసేముందు ఆ రోజు రిపోర్టు తీయాలి. అందులో అమ్మకం ఒక వరస, వసూలు ఒక వరస. అమ్మకం 42,000, వసూలు 40,600 అనుకోండి. మిగిలిన 1,400 ఎక్కడుందో తేల్చాకే యింటికి పోవాలి.

ఆ తేడాలో చాలావరకు పేచీ వుండదు. పైన లాడ్జిలో దిగినవాళ్లు తిన్నది గది పేరున రాస్తాం, వాళ్లు ఖాళీ చేసేటప్పుడు కడతారు. కొన్ని బిల్లులు అర్ధరాత్రికి పది నిమిషాల ముందు తెరుస్తాం, డబ్బు పది నిమిషాల తర్వాత వస్తుంది. అమ్మకం నిన్నటి తేదీలో, వసూలు యివాళ్టి తేదీలో పడతాయి. రెండు రోజుల కాగితాలు పక్కపక్కన పెట్టి చూడకపోతే అదేదో దొంగతనం లాగా కనపడుతుంది. సర్వరు ఒక టేబులుకి బదులు యింకో టేబులు నెంబరు వేస్తాడు, దాన్ని క్యాన్సిల్ చేస్తాం. యివన్నీ ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటాయి.

సర్దుకోనివి రెండు రకాలు. ఒకటి, తిని కట్టకుండా జారుకున్నవాళ్ల బిల్లు. వందో, రెండొందలో వుంటుంది. నెలాఖరుకి అది సర్వరు జీతంలోనో, బల్లలు తుడిచే కుర్రాడి జీతంలోనో కోతగా మారి పెయిడ్ అయిపోతుంది. రెండోది పెద్దమనుషుల బిల్లు. జీపుల్లో వచ్చే ఆఫీసర్లు, యజమాని చుట్టాలు, నాయకుల వెనకాల తిరిగేవాళ్లు. తిన్నాక మూతి తుడుచుకుంటూ ‘‘రాసుకో’’ అని పోతారు. అది నెలల తరబడి ఓపెన్‌గానే వుంటుంది. ఏడాది చివర దాన్ని కాంప్లిమెంటరీ అనే పద్దులోకి తోస్తారు. అంటే మర్యాద కింద ఫ్రీగా పెట్టామని. పేదోడు కట్టకపోతే ఎగవేత, పెద్దోడు కట్టకపోతే మర్యాద!

ఈ లెక్క నాకు గుంటూరులో కొత్తగా తెలిసిందేం కాదు. కంప్యూటరు లేకుండానే మా వూళ్లో ఎప్పట్నుంచో నడుస్తున్న లెక్కే. మా నాయన చెప్పేవాడు. ఆయన చిన్నప్పుడు వూరి టీ హోటల్లో ఆసాముల కోసం ఒక ఖాతా పుస్తకం వుండేదంట. టీలు, యిడ్లీలు రాసుకుంటూపోయి పంట చేతికొచ్చాక కట్టేవాళ్లు. మా పల్లె వాళ్లకి ఆ పుస్తకంలో పేజీ లేదు. ముందు డబ్బులు అరుగు మీద పెట్టాలి. చూరులో దోపిన గ్లాసు తీసుకుని కడుక్కుని కింద పట్టుకుంటే పైనుంచి టీ పోసేవాళ్లు. తాగి, మళ్లీ కడిగి, చూరులోనే దోపి రావాలి. మా చేతి గ్లాసు అంటు, మా చేతి డబ్బు మాత్రం అంటు కాదు.

మా పేరున్న పుస్తకం వేరే వుంది. అది ఆసామి యింట్లో వుండేది. మా మేనత్త పెళ్లికి మా తాత 400 రూపాయలు తెచ్చాడు. అందుకు 1972లో మా నాయన్ని పన్నెండేళ్ల వయసులో జీతానికి పెట్టారు. జొరమొచ్చి పడుకున్న రోజు నాగా. అమ్మమ్మ చచ్చిపోయిన రోజు నాగా. పలుపుతాడు తెగితే అదీ మా లెక్కలోనే. ఏడాది తిరిగేసరికి బాకీ తగ్గాల్సింది పోయి పెరిగేది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. వెట్టికి కట్టేసే అప్పులు యిక తీర్చనక్కర్లేదని ఆ చట్టం రాసింది. మా నాయనకి ఆ సంగతి చెప్పినోడు లేడు. చట్టం వచ్చాక కూడా యింకో మూడేళ్లు చేశాడు. ఆసామి పుస్తకంలో ఏం రాసి వుందో ఆయన ఒక్కసారన్నా చదవలేదు, ఆయనకి చదువు రాదు. హోటలు పుస్తకంలో మాకు ఓపెన్ బిల్లు లేదు, ఆసామి పుస్తకంలో మాకు పెయిడ్ బిల్లు లేదు.

అందుకే 2011లో ఆ రాత్రి మేనేజరు చెప్పిన మాట నాకు మింగుడు పడలేదు. ఆదివారం, హోటలు కిటకిటలాడుతోంది. ముగ్గురు బిర్యానీలు తిని సందట్లో జారుకున్నారు. బిల్లు 640. ‘‘ఆ టేబులు తుడిచింది వాడే గదా, వాళ్లు లేచిపోతుంటే చూసుకోవద్దా? వాడి పేరున రాయి’’ అన్నాడు మేనేజరు. ఆ కుర్రాడికి పద్దెనిమిదేళ్లు. నెలకి 2,500 జీతం. మా పక్క వూరి పల్లె వాడే. ఆ హోటల్లో అంట్లు కడిగే చోట, బల్లలు తుడిచే చోట అంతా మా పల్లెల వాళ్లే. గల్లాపెట్టె దగ్గరికి వాళ్లని రానివ్వరు. రూపాయి ముట్టనివ్వని మనిషి మీద 640 రూపాయల లెక్క!

నేను రాయనన్నాను. గొడవపడలేదు. హాస్టల్లో లా చదివే అన్న ఒకాయన 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం అంతకుముందే నాకు చూపించాడు. పోయిన డబ్బుకి జీతం కోయాలంటే, ఆ డబ్బుకి లెక్క చెప్పాల్సిన బాధ్యత ఆ మనిషిదై వుండాలి. అతని నిర్లక్ష్యం వల్లే పోయి వుండాలి. కోసేముందు అతని మాట వినాలి. యివీ ఆ చట్టంలో వున్న హద్దులు. 2019 వేతనాల కోడ్‌లో కూడా యివే హద్దులు వున్నాయి.

ఆ రాత్రి కూచుని మూడు నెలల ఓపెన్ బిల్లులన్నీ తీశాను. తేదీ, మొత్తం, ఎవరు తిన్నారు, చివరికి ఎవరు కట్టారు అని నాలుగు వరసలు గీశాను. మొత్తం 31 బిల్లులు. జారుకున్నవాళ్లవి 11, కలిపి 3,870 రూపాయలు. ప్రతి రూపాయీ పనివాళ్ల జీతాల్లో కోసేశారు. ‘‘రాసుకో’’ అన్నవాళ్లవి 20, కలిపి 26,450. ఒక్క రూపాయి కూడా ఎవరూ అడగలేదు. ఆ కాగితం మర్నాడు యజమాని బల్ల మీద పెట్టాను.

‘‘నిన్ను లెక్క రాయమని కూచోబెట్టాం, లెక్క అడగమని కాదు’’ అన్నాడు మేనేజరు. యజమాని ఏమీ అనలేదు. ఆ నెల ఆ కుర్రాడికి 640 కోయలేదు. అంతకుముందు కోసినవి తిరిగి యివ్వలేదు. 26,450 మామూలుగానే మర్యాద పద్దులోకి పోయింది. రెండు నెలల తర్వాత నన్ను కౌంటర్నుంచి తీసి స్టోరు గదిలో బియ్యం బస్తాల లెక్కకి వేశారు. మరుసటేడు బీఎడ్‌లో సీటొచ్చి బయటపడ్డాను. గెలిచానని చెప్పుకోను. కానీ ఆ 640 రూపాయలు ఆగాయి. ఆగటానికి కారణం ఒక కాగితం.

యిప్పుడు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తున్నాను. శాతాల పాఠం వచ్చినప్పుడు హోటలు బిల్లు బోర్డు మీద వేసి 5 శాతం జీఎస్టీ కట్టమంటాను. ఆ పాఠం అయ్యాక రాజ్యాంగం పుస్తకం తెరిచి 15వ అధికరణంలో రెండో క్లాజు చదివిస్తాను. అందులో దుకాణాలు, హోటళ్లు అని పేరు పెట్టి మరీ రాశారు. పిల్లలు అడుగుతారు, ‘‘సార్, యింత పెద్ద పుస్తకంలో హోటలు సంగతెందుకు?’’ అని. హోటల్లోకి రానివ్వలేదు గనుక. 1955 నాటి పౌరహక్కుల చట్టం హోటల్లో గిన్నెలూ గ్లాసులూ వాడుకునే హక్కు గురించి కూడా రాసింది. చూరులో దోపిన గ్లాసు కథ పిల్లలకి అప్పుడు చెప్తాను.

ఆ చట్టాలు మనకి తలుపు తెరిచాయి. కాదనను. కానీ తలుపు దగ్గర కులం కనపడని చోట కూడా అది పద్దుల్లో దాక్కుని వుంటుంది. యిప్పుడు ఫోన్లోనే డబ్బు కడుతున్నారు, లెక్కంతా సాఫ్ట్‌వేరే చేస్తోంది. అయినా ఆ రిపోర్టులో ఓపెన్, పెయిడ్ అనే వుంటుంది గాని, ఎవరు తింటే ఎవరు కట్టారన్న వరస వుండదు. ఆ వరస మనమే గీయాలి.

మన పిల్లలు ఎంతోమంది చదువుకుంటూ యివాళ హోటళ్లలో, షాపుల్లో, ఆఫీసుల్లో కౌంటర్ల ముందు కూచుంటున్నారు. వాళ్లకి నేను చెప్పేది ఒకటే. వున్న చోటే లెక్క నేర్చుకోండి. రిపోర్టు తీయటం నేర్చుకోండి. కోత ఎక్కడ పడిందో, ఎవరి మీద పడిందో తేదీ వేసి రాసి పెట్టుకోండి. మా నాయన ఏడేళ్ల చాకిరీకి అట్లాంటి కాగితం ముక్క ఒక్కటి కూడా లేదు. ఆసామి పుస్తకం ఎప్పుడో చెదలు తినేసింది. ఆ లెక్క మాత్రం యింకా ఓపెన్‌గానే వుంది. అది మేం కట్టాల్సింది కాదు, మాకు రావాల్సింది.