మంచం కింద దీపావళి

లక్ష్మీబాంబు అంటే నాకు ఒళ్ళు మంట. వెలుగుండదు, రంగుండదు, పువ్వులు రాలవు. ఢామ్మని ఒక్క చప్పుడు, వీధినిండా కాగితం ముక్కలు, అంతే. దీపావళినాడు ఆ చప్పుడుకి మా నల్లోడు పొద్దువాలకముందే మంచం కింద దూరి, గోడకి వీపు ఆనించి, చొంగ కారుస్తూ వణికిపోతాడు. నల్లోడంటే మా కుక్క. ఏడాది పొడుగునా వీధిలో ఏ కుక్కకీ తలవంచనివాడు, ఆ రాత్రి పెరుగన్నం ముందుపెట్టినా మూతి పెట్టడు.

మన చెవి 20 వేల హెర్ట్జ్ దాకా వింటుంది. కుక్క చెవి 45 వేల దాకా వింటుంది, పిల్లిది 60 వేలు దాటుతుంది. పైగా మనకి వత్తి అంటించడం కనపడుతుంది, చెవులు మూసుకుంటాం. ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో, ఎప్పటికి ఆగుతుందో వాటికెవరు చెబుతారు?

అందుకని ఆ రోజు మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎండ ఉండగానే వాణ్ణి కాలవగట్టు మీద బాగా తిప్పుకొస్తాం. తిండి కూడా చీకటి పడకముందే. మెళ్ళో పట్టీ మీద ఫోను నంబరు రాసి ఉంచుతాం, బెదిరి గోడ దూకిన కుక్క ఏ ఊళ్ళో తేలుతుందో చెప్పలేం కదా. వీధివైపు కిటికీలు మూసి, వాటికి దుప్పట్లు కట్టి, ఫ్యాను పెంచి, టీవీ పెడతాం. మంచం కింద వాడి పాత గోనెసంచీ, నీళ్ళగిన్నె. గొలుసు మాత్రం వెయ్యం. కట్టేసిన కుక్క బెదిరి గుంజుకుంటే మెడకి ఉరి పడుతుంది. మనుషులు వేసుకునే నిద్రమాత్ర ముక్కచేసి పెట్టమని చెప్పేవాళ్ళుంటారు. దయచేసి వినకండి. కొన్ని మందులు ఒంటిని కదలనివ్వవు గానీ భయాన్ని అలాగే ఉంచుతాయి. మందు కావాలనిపిస్తే పండగకి ముందే పశువుల డాక్టరుగారిని అడగాలి.

‘భయపడినప్పుడు దగ్గరికి తీస్తే అదే అలవాటైపోద్దండీ’ అని కూడా అంటారు. అవదు. భయం ముద్దుచేస్తే పెరిగేది కాదు. మా ఆవిడ మంచం పక్కన చాప వేసుకుని, చెయ్యి కిందకి చాపి కూర్చుంటుంది. వాడు తడిముక్కు ఆ అరచేతిలో పెట్టి కళ్ళు మూసుకుంటాడు. చప్పుడైన ప్రతిసారీ ఒళ్ళు ఎగిరిపడుతుంది, ముక్కు మాత్రం అక్కణ్ణుంచి తియ్యడు.

కుక్క బాధ కంటికి కనపడుతుంది. పాకలో గొడ్డు సంగతో? దీపావళి మర్నాడు తెల్లారి గేదె చేపదు. దూడని వదిలి, పొదుగు తడిపి, ఎంత నిమిరినా నాలుగు చుక్కలే. బెదిరితే ఒంట్లో పుట్టే అడ్రినలిన్, పాలు దింపే ఆక్సిటోసిన్‌కి అడ్డం పడుతుంది. కనుమనాడు కొమ్ములకి పసుపు రాసి, బొట్టుపెట్టి దణ్ణం పెట్టేది ఈ గొడ్డుకే.

రాత్రి 8 నుంచి 10 దాకానే కాల్చాలని, సీమటపాకాయల దండలు అసలే కూడదని సుప్రీంకోర్టు 2018 అక్టోబరు 23న చెప్పింది. ఆ రెండు గంటల కట్టుబాటు ఉన్నా మాకు చాలు, ఓర్చుకుంటాం. మా వీధిలో పదకొండు దాటాక కూడా పెద్దబాంబులు మోగుతూనే ఉంటాయి. మిగిలినవి నాగుల చవితికి.

మా రాయవరం వైపు టపాకాయల పని నమ్ముకున్న కుటుంబాలున్నాయి. 2025 అక్టోబరు 8న, దీపావళి ఇంకా పన్నెండు రోజులుందనగా, ఇక్కడి బాణసంచా తయారీ కేంద్రంలో పేలుడు జరిగి పనిలో ఉన్నవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్ళ ఇళ్ళలో ఆ పండగ ఎలా గడిచిందో తలుచుకుంటే నాకు గొంతు పట్టుకుంటుంది. ఈ పని చేసేవాళ్ళ కూడు పోవాలని నేను కోరను. మనం కొనేది వెలుగైతే వాళ్ళు చేసేదీ వెలుగే అవుతుంది.

వెలుగంటే మతాబు. ఇప్పుడు లైసెన్సు లేకుండా ఇంట్లో కూరకూడదు, పిల్లల చేత అసలే చేయించకూడదు. మా చిన్నప్పుడు మాత్రం దసరా వెళ్ళగానే మా అరుగు మీద అదే పని. పాత నోటుపుస్తకాల కాగితాలు కర్రకి చుట్టి, మైదా ఉడకేసిన జిగురు రాసి, గొట్టాలు చేసి ఎండబెట్టేవాళ్ళం. సూరేకారం, గంధకం కలిపి కూరడం పెద్దవాళ్ళ వంతు. రాత్రి గోగుకాడల దివిటీలు తిప్పి, కాళ్ళు కడుక్కుని, తీపి తిన్నాక మతాబు వెలిగిస్తే అరుగంతా పట్టపగలయ్యేది. అప్పటి మా కుక్క ఆ వెలుగులోనే గుమ్మానికి అడ్డంగా పడుకుని ఉండేది. తోక కూడా కదిపేది కాదు.

చిచ్చుబుడ్ల బొగ్గుకి జిల్లేడుకర్ర కాల్చేవారు. ఇనుపరజను కోసం మా తాతయ్య రామచంద్రపురం లేతుషాపులకి వెళ్ళి, దోసిట్లో పోసుకుని, వేలితో రాసి చూసుకుని మరీ తెచ్చేవారు. రజను ముతకగా ఉంటేనే పువ్వు విచ్చుకుంటుందని ఆయన, సన్నగా ఉంటేనే పైకి లేస్తుందని మా చిన్నతాతయ్య. ఇద్దరూ ఎవరివి వాళ్ళు విడిగా కూరి, రాత్రి వాకిట్లో పక్కపక్కన పెట్టి వెలిగించేవారు. చిన్నతాతయ్యది కొబ్బరిమట్టల ఎత్తుకి లేచేది. పువ్వు మాత్రం మా తాతయ్యదే.