కొండమీద పేరీత, కుండీలో సైకస్!

అబ్బబ్బా, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు! కొండ దిగి మూడు రోజులైంది. కాళ్ళ నొప్పులు తగ్గాయి గానీ నోరు మాత్రం ఆగడం లేదు. పాలు పోసే ఆయనకు చెప్పేశాను, పక్కింటి అత్తకు రెండుసార్లు చెప్పేశాను. ఇక మిగిలింది మీరే!

ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటికి వెళ్ళాం, నేనూ మా చిన్నాయనా. పాపవినాశనం దాటాక అడవిలో నడక. రాళ్ళు, ఎండుగడ్డి, మళ్ళీ రాళ్ళు. ఒక వాలులో గడ్డంతా కాలిపోయి నేల నల్లగా ఉంది. కాళ్ళ కింద బూడిద పటపటమంటోంది.

ఆ మసిలో నిలబడి ఉందండీ ఒక మొక్క!

మోకాలెత్తు మాను, బొగ్గుముక్కలా మాడిపోయి ఉంది. దాని నెత్తిన మాత్రం గొడుగు విప్పినట్టు పచ్చని, లేత, నిగనిగలాడే ఆకులు! నెమలి ఈకల్లా సన్నగా, గాలికి ఊగుతూ, "ఇక్కడేమీ జరగలేదే" అన్నట్టు!

"చిన్నాయనా, ఈ ఈతచెట్టు చూడు! కాలిపోయి కూడా ఎట్లా చిగురేసిందో!" అని అరిచాను.

ఆయన కాలేజీలో బాటనీ చెప్పి రిటైరైన మనిషి. నవ్వి, "ఈత కాదమ్మాయ్. మీ మిద్దె మీద కుండీలో పెట్టుకోనుండావే, దాని చుట్టం ఇది" అన్నాడు.

నా మిద్దె మీదిదా? కడియం నుంచి లారీలో వచ్చిందని చెప్పి నర్సరీ అబ్బాయి అంటగట్టిన ఆ షోకు మొక్కా? దాని చుట్టాలు మన ఏడుకొండల మీదా!

ఇక్కడ నా అజ్ఞానం మొత్తం ఒప్పేసుకుంటాను. ఆ కుండీ మొక్కను నేను మూడేళ్ళుగా 'పామ్' అంటున్నాను. నర్సరీలో 'సాగో పామ్' అన్నారు మరి! అది తాటి జాతీ కాదు, ఈత జాతీ కాదట. దాని పేరు సైకస్ రివొల్యూటా. సొంతూరు జపాన్ దక్షిణ తీరం, ర్యుక్యూ దీవులు. కొండమీద నేను చూసింది సైకస్ బెడ్డోమీ. మన వాళ్ళ నోట దాని పేరు పేరీత. చూశారా, పేరులోనే 'ఈత' వినబడుతోంది! అంటే పొరబడింది నేనొక్కదాన్నే కాదేమో!

బెడ్డోమీ అన్న పేరు మద్రాసు ప్రెసిడెన్సీ అటవీశాఖలో పనిచేసిన రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్‌ది. 1883లో డయ్యర్ అనే వృక్షశాస్త్రవేత్త ఆయన పేరు పెట్టాడట. ఇంతకీ నన్ను అక్కడికక్కడే రాయి మీద కూలబడేసిన మాట ఏమిటో తెలుసా? ఈ మొక్క అడవిలో సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో ఇక్కడే! మన తిరుపతి, కడప కొండల్లోనే! ఎర్రచందనం గురించి ఊరంతా మాట్లాడుతుంది, దీని గురించి ఒక్కరూ చెప్పలేదే నాకు!

ఇంకా వినండి. వీటికి పువ్వులుండవు! అసలు పువ్వనేదే పుట్టకముందు నాటి వంశం ఇది. డైనోసార్లకంటే పాతది. ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మగదానికి నడినెత్తిన పెద్ద మొక్కజొన్న కంకిలాంటి శంకువు లేస్తుంది. ఆ శంకువు వచ్చేదాకా ఏది ఆడో ఏది మగో కంటితో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆ శంకువు పుప్పొడి లోపల పుట్టే బీజకణం తోకలు ఆడిస్తూ ఈదుతుందట, చేపపిల్లలా! 1896లో జపాన్‌లో ఇకెనో సెయిచిరో దీన్ని కనిపెట్టింది సైకస్ రివొల్యూటాలోనే. అంటే నా కుండీలో ఉన్న జాతిలోనే! నేనేమో దాని పక్కన బట్టలు ఆరేస్తున్నాను!

సరే, అసలు విషయం. కొండ దిగాక నాకు తెలిసొచ్చింది ఏమిటంటే, కుండీలోని సైకస్‌ను ఎలా పెంచాలో కొండమీది పేరీత చెప్పేసింది!

నా మొదటి సైకస్‌ను నేనే చంపాను. ప్రేమతో చంపాను. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు. పైగా నవంబరు వానలు, తుపాను, ముసురు. ఒకరోజు నడినెత్తిన ఆకులు పట్టుకుంటే చేతిలోకి ఊడొచ్చాయి. మాను నొక్కితే మెత్తగా, కుళ్ళిన బంగాళదుంపలా! ఎండకు పోయిందనుకుని ఇంకో చెంబు పోశాను చూడండి, అదీ నా తెలివి!

పేరీత ఎక్కడుంది? రాతి వాలులో. వాన ఎంత కొట్టినా నీరు నిలవదు, జారిపోతుంది. మరి జపాన్ చుట్టం? ఆ దీవుల్లో వాన మనకంటే చాలా ఎక్కువ. అయినా అదీ సముద్రపు ఒడ్డు రాళ్ళ మీద పుట్టిందే! ఇద్దరూ రాతిబిడ్డలే! నీళ్ళు తాగి వదిలేయాలి, నీళ్ళలో కూర్చోకూడదు.

అందుకే నా రెండో సైకస్‌కు మట్టి మార్చేశాను. సగానికి సగం ముతక ఇసుక, చిన్న కంకర, మిగతా ఎర్రమట్టి, కాస్త మాగిన పశువుల ఎరువు. కుండీ అడుగున రంధ్రాలు మూసుకుపోలేదని పుల్లతో పొడిచి మరీ చూసుకున్నాను. వేలు రెండు కణుపులు దిగేంత లోతున మట్టి ఎండితేనే నీళ్ళు. అదీ నెత్తి మీద కాదు, మొదలు దగ్గర! ముసురు పట్టిందంటే కుండీని సన్‌షేడ్ కిందికి జరిపేయడమే.

తేడాలు లేవా అంటే, ఉన్నాయి! అదే మజా!

పేరీత ఎండను లెక్కచేయదు. కార్చిచ్చునే ఓర్చుకుంటుంది! రాలిపోయిన ఆకుల మొదళ్ళు మాను చుట్టూ కవచంలా పేరుకుని లోపలి చిగురును కాపాడతాయట. నేను ముట్టుకోకుండా వంగి చూశాను, అచ్చం చేప పొలుసులే! నర్సరీ సైకస్‌కు ఆ మొండితనం అప్పుడే రాదు. పచ్చ నెట్ కింద నీడలో పెరిగిన పిల్ల అది. దాన్ని తెచ్చి మే నెలలో మన తిరుపతి మిద్దె మీద నడి ఎండలో పెడితే ఆకులు అప్పడాల్లా మాడిపోతాయి. మొదట పొద్దుటి ఎండ, తర్వాత కొంచెం కొంచెంగా పూర్తి ఎండ. అలవాటైతే మాత్రం భేషుగ్గా ఉంటుంది!

ఆకుల్లో ఇంకో తేడా. కుండీదాని ముదురాకు బిరుసు, గట్టి, మొండి. కొస గుచ్చితే ప్రాణం లేచొస్తుంది. కొండదాని ఆకులు నా కంటికి సన్నగా, నాజూగ్గా కనిపించాయి.

కుండీ మొక్క కొత్తాకులు వేసే రోజులున్నాయి చూడండి, అయ్యయ్యో, అది చూడాలి! సాధారణంగా ఏడాదికి ఒక్కసారే, ఆకులన్నీ కలిసికట్టుగా లేస్తాయి. ఒక్కో ఆకుపాయ మురుకులా చుట్టుకుని ఉంటుంది! మెత్తగా, నూగునూగుగా, పసిపిల్ల చెవిలా! ఆ ఆకులు గట్టిపడేదాకా కుండీ కదపకూడదు, చెయ్యి పెట్టకూడదు. వంకర తిరిగితే ఆ వంకర ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది.

ఇంకో తప్పు కూడా చెప్పేస్తాను. మట్టి మార్చేటప్పుడు పైకి పెరిగిన బుడిపెల వేళ్ళు కనిపించాయి, పగడాల గుత్తుల్లా. తెగులనుకుని కత్తెర తీసుకున్నాను. చిన్నాయన ఫోన్‌లోనే కేకేశాడు: "కోయబాకమ్మాయ్! అది దాని వంటిల్లు!" ఆ బుడిపెల్లో నీలి ఆకుపచ్చ నాచు కాపురముండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుందట. బండరాళ్ళ మధ్య పేరీత ఎలా బతుకుతోందో అప్పుడు బుర్రకెక్కింది! నేను ఇకమీదట యూరియా బస్తా వైపు చూడను.

ఒక్క హెచ్చరిక. ఈ మొక్కలో ప్రతి భాగమూ విషమే, గింజలు మరీ. ఇంట్లో కుక్కపిల్ల ఉన్నా, పాకే పసివాళ్ళున్నా అందనంత ఎత్తులో పెట్టండి. ఆకులు కత్తిరించి ఆవుకు వేయకండి.

మరి పేరీతను కుండీలో పెట్టుకుందామా? మీకూ ఆ ఊహ వచ్చే ఉంటుంది, నాకూ వచ్చింది! అడగ్గానే చిన్నాయన మొహం మాడిపోయింది. మందుల కోసం మగ శంకువులు కోసుకుపోయి, మంటలు పెట్టి, ఇప్పటికే దాన్ని అంతరించే దశకు తెచ్చారట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది రక్షిత మొక్క. అడవిలో దాన్ని కోసినా పీకినా నేరం. అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందంలో కూడా అది అన్నిటికంటే కఠినమైన మొదటి జాబితాలో ఉంది.

కాబట్టి పంపకం తేలిపోయింది. కుండీకి జపాన్ చుట్టం చాలు. నర్సరీలో దొరుకుతుంది, మానుకు పిలకలు కూడా వేస్తుంది. పిలక కోసి, గాయం నాలుగు రోజులు నీడలో ఆరబెట్టి, ఇసుకలో గుచ్చితే మీ స్నేహితులకూ ఒకటి ఇవ్వొచ్చు!

పేరీత మాత్రం కొండకే. ఈసారి ముక్కోటికి వెళ్ళినప్పుడు పాపవినాశనం దాటాక రాతి వాలుల వైపు ఒక చూపు వేయండి. పొట్టి ఈతచెట్టులాంటిది కనిపిస్తే ఆగండి. మీరూ చూడండి, కళ్ళారా చూడండి! చెయ్యి మాత్రం వెనక్కి కట్టుకోండి.