తారీఖు కాదు, తిథి

జహీరాబాద్‌లో మా తమ్ముడు ట్రాక్టర్ కిరాయికి తోలుతాడు. ఏ రోజు ఎవరి చేనికి వెళ్లాలో చూసుకోవడానికి వాడికో వెబ్ అప్లికేషన్ చేసిచ్చాను. క్యాలెండర్ కోసం ‘ఫుల్‌క్యాలెండర్’ అనే ఓపెన్‌సోర్స్ కాంపొనెంట్ ఎంచుకున్నాను. ఉచితం. కోడ్ మనకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. నెల, వారం, రోజు అన్నీ పరీక్షించి, భేష్ అనుకున్నాను.

మా వైపు ఎల్లమాస పెద్ద పండుగ. ఆ రోజు ఇంటిల్లిపాదీ చేనుకెళ్లి పూజ చేసి, అక్కడే భోంచేస్తారు. 2024లో అది డిసెంబర్ 30న వచ్చింది. ఏటా అదే తేదీకి సెలవు పడేలా రాసేశాను.

2025లో డిసెంబర్ 30 సెలవని చూపిస్తుంటే, చెరకు తోలాలని వచ్చిన రైతును తమ్ముడు వెనక్కి పంపాడు. ఆ కిరాయి వేరే ట్రాక్టర్‌కు పోయింది. అసలు ఎల్లమాస డిసెంబర్ 19నే అయిపోయింది! ట్రాక్టర్ వాయిదా దగ్గర పడుతుంటే వాడి మొహం చూడలేకపోయాను.

అమ్మ గోడ క్యాలెండర్ చూపించింది. “ఎల్లమాస తారీఖు చూసి రాదు బిడ్డా, అమాస చూసి వస్తది.”

నిజమే. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే. తప్పు కాంపొనెంట్‌ది కాదు, నాది. ఇప్పుడు పండుగలకు వేరే పట్టిక పెట్టాను. పంచాంగం చూసి అమ్మ చెబుతుంది, నేను ఎక్కిస్తాను.