180 గంటలు, ఒక నోట్‌బుక్

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం తప్పకుండా చదవాలి.

మొదటి సంవత్సరం పరీక్షలయ్యాక వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుందని మీకు తెలుసు. 180 గంటలు. ఊరు సర్వే చెయ్యాలి, లాగ్ బుక్ రాయాలి, రిపోర్టు ఇవ్వాలి, వైవాకి వెళ్లాలి. చాలామంది ఎలా కానిచ్చేస్తారో కూడా తెలుసు. జిరాక్స్ షాపులో పాత రిపోర్టు దొరుకుతుంది, ఊరి పేరు మార్చి బైండింగ్ చేయించేస్తారు. వాళ్లని తిట్టడానికి కాదు ఈ పోస్టు. వేసవంటే మన ఇళ్లలో నాలుగు డబ్బులు చూసే రోజులు. ఒకడు విజయవాడ బిల్డింగ్ పనికి, ఇంకొకడు చెన్నైకి, మిగతావాళ్లు జీడితోటలకి. పైసా రాని 180 గంటలు ఎవరిస్తారు?

మేం ఐదుగురం శ్రీకాకుళం హాస్టల్ వాళ్లం. ముగ్గురు సవరలు, ఇద్దరు జాతాపులు. ఐదిళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకే సీతంపేట మండలంలో మా గూడల్లోనే చేద్దామనుకున్నాం. (2022 నుంచి సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోది. మా పెద్దోళ్లకి ఇప్పటికీ సిక్కోలే.) పొద్దున్న జీడిపిక్కలు ఏరడం, మధ్యాహ్నం నుంచి సర్వే. కూలీ పోలేదు, గంటలూ పోలేదు.

మాకిచ్చిన ఫారంలో ఇంట్లో ఫ్రిజ్ ఉందా, టూవీలర్ ఉందా అన్నీ ఉన్నాయి. మాతృభాష దగ్గర మాత్రం తెలుగు, హిందీ, ఉర్దూ, ఇతరములు. మొదటిరోజు పదిహేడిళ్లు తిరిగితే పదిహేడూ ఇతరములే. మాలో ఒకడికి చిరాకొచ్చి ఫారం వెనక్కి తిప్పి పెద్ద అక్షరాలతో రాశాడు: "ఇతరములు అంటే ఏటి?" అక్కడ్నుంచి మా పని దారి మారింది. సర్వేతోపాటు ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకుని పెద్దోళ్ల మాటలు రాసుకోవడం మొదలెట్టాం.

అన్నిటికంటే ఎక్కువ రోజులు లెక్కల దగ్గరే ఆగిపోయాం. అబొయ్, బాగు, యాగి అని సవర పిల్లలందరికీ వచ్చు. పది దాటాక మా తరం తెలుగులోకి దూకేస్తుంది. పెద్దోళ్లు దూకరు. సవరలో పదికి, పదకొండుకి, పన్నెండుకి వేరువేరు మాటలున్నాయి. పదమూడుకి లేదు, పన్నెండు మీద ఒకటి అంటారు. అలా పన్నెండు మీద ఏడు వరకు, అంటే పంతొమ్మిది వరకు వెళ్లి ఇరవై దగ్గర కొత్త మాట. తర్వాత ఇరవైలతో నడుస్తుంది. ముప్పై మూడంటే ఇరవై, పన్నెండు, ఒకటి. తొంభై తొమ్మిదంటే నాలుగిరవైలు, పన్నెండు, ఏడు. కాగితం మీద వేసి చూడండి, సరిపోతుంది.

జూన్‌లో అనాస పండ్లు దిగాయి. ఒక అమ్మమ్మ రోడ్డు పక్కన కుప్ప పోసుకుని కూర్చుంది. షావుకారు లెక్కపెట్టి అరవై ఎనిమిదన్నాడు. అమ్మమ్మ సవరలో ఏదో అని తల అడ్డంగా ఊపింది. నాలుగో తరగతి మనవరాలు వెంటనే, "మూడిరవైలు, పన్నెండు. డెబ్బై రెండు బావూ" అంది. ఆయన విసుక్కుంటూ మళ్లీ లెక్కపెట్టాడు. డెబ్బై రెండే. ఆ పాపని బడిలో లెక్కల్లో వీక్ అంటారంట! గుణింతం, కూడిక రెండూ మనసులో చేసి, పక్క భాషలోకి మార్చి చెప్పిన పిల్ల వీకా? సాయంత్రం ట్యూషన్‌లో ఎక్కాలు ఆ పాప లెక్కతోనే చెప్పాం. మన రాష్ట్రంలో 2004లో సవరతో కలిపి 8 గిరిజన భాషల్లో పాఠాలు మొదలెట్టారు, సవరకి తెలుగు లిపిలోనే పుస్తకాలు వేశారు. ఊరికే చెయ్యలేదన్నమాట.

ట్యూషన్ కాకుండా కాగితాల పని చేశాం. పోడు పట్టాల కాగితాలు చదివిపెట్టడం, ఆధార్‌లో పేర్లు సరిచేయించడం. ఇంటిపేరు అందరికీ సవరే కాబట్టి ఒక గూడలో ఒకే పేరుతో ముగ్గురు తేలారు. ఒకరి ఉత్తరం ఇంకొకరింట్లో ఉంది.

తర్వాత పాతపట్నం నుంచి పర్లాకిమిడి దాటి గుణుపురం రైలెక్కాం. ఒడిశా మనవాళ్లని చూడాలని. సంతలో ఒక పెద్దాయనతో మాట కలిపాం. ఆయనకి తెలుగు రాదు, మాకు ఒడియా రాదు. సవరలోనే గంట గడిచింది. మా జాతాపు ఫ్రెండ్సిద్దరూ నోరు తెరిచి చూశారు. అక్కడివాళ్లు ఒడియా లిపిలో రాస్తారు, మనం తెలుగులో, చర్చీల దగ్గర ఇంగ్లీషు అక్షరాల్లో. మంగయ్య గొమాంగో 1936లో సవరకి సొంత లిపే తయారుచేశారు, సోరాంగ్ సోంపెంగ్. 2012 నుంచి అది యూనికోడ్‌లోనూ ఉంది. పక్కపక్కనే బతుకుతున్నా సవర, తెలుగు చుట్టాలు కావు. సవర చుట్టాలు సంతాలీ, మేఘాలయ ఖాసీ, ఇంకా అవతల కంబోడియా ఖ్మేర్, వియత్నామీస్. మనం గుణుపురం దాకా వెళ్లడానికే టికెట్ డబ్బులు పోగేసుకున్నాం, మన భాష బంధువులు వియత్నాం దాకా ఉన్నారు.

పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు గారిని తెలుగు భాషా దినోత్సవం నాడు అందరూ తలుచుకుంటారు. ఆయన సవర వ్యాకరణం 1931లో వచ్చింది. సవర మతం మీద ఎల్విన్ పుస్తకం 1955లో, పియర్స్ వితెబ్‌స్కీది 1993లో. గౌరవంగానే చెప్తున్నాం, వాళ్లు ఏళ్లకేళ్లు కష్టపడ్డారు. అయినా అట్టల మీద పేర్లు వాళ్లవి, లోపల మాటలు చెప్పినవాళ్లు మన తాతలు, అమ్మమ్మలు. మేం నోట్‌బుక్‌లో ప్రతి పేజీ పైన చెప్పినవాళ్ల పేరు, గూడ పేరు రాశాం. వాళ్లని అడిగే రాశాం.

వైవాలో "ఇది సర్వేలోకి రాదు కదా" అన్నారు. ఫారం వెనక రాసిన ప్రశ్న చూపించాం. ఆయన కాసేపు చదివి, తొంభై తొమ్మిది చెప్పమన్నారు. చెప్పాం. మార్కులు మామూలుగానే వచ్చాయి.

ఇప్పుడు మాకు కావలసింది ఇది. భామిని, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు గూడల లెక్కలు మా దగ్గర లేవు. జాతాపు పెద్దోళ్లలో ఇంకా కువి మాట్లాడేవాళ్లుంటే ఆ మాటలూ కావాలి. ఈ వేసవి ప్రాజెక్టుకి ఎవరెవరు ఏ ఊరు తీసుకుంటున్నారో కింద రాయండి. మా పేజీల ఫొటోలు పంపిస్తాం. లాంగ్ నోట్‌బుక్ మాత్రం గట్టి అట్టది కొనండి, మాది వానకి సగం తడిసిపోయింది.