ఆటలో అరటిపండు

మా స్కూలు దోస్తుల్లో ఒకడు అమెరికాలో ఉంటాడు. మొన్న జుమా రోజు గ్రూపులో ఒక వీడియో పెట్టాడు. వాడి కొడుకు బేస్‌బాల్ ఆడుతున్నాడు. పిల్లాడు గుండ్రటి కర్రతో బంతిని బాది, కర్ర అక్కడే పడేసి పరుగెత్తాడు. "అరే, బ్యాట్ పారేసి పోతున్నాడేందిరా!" అని కువైట్ నుంచి ఒకడు. "ఇది మన గిల్లీ డండాకి ఖాలా కొడుకురా" అని ఇంకొకడు. ఇషా నమాజ్ తర్వాత మొదలైన బాతాఖానీ అర్ధరాత్రి దాటినా ఆగలేదు.

మేమంతా నెల్లూరు కోటమిట్ట చుట్టుపక్కల పెరిగిన వాళ్ళం. టెన్త్ దాకా ఉర్దూ మీడియం. మాకు ఇప్పటికీ పేర్లకంటే పొజిషన్లే గుర్తు. ఓపెనర్ ఆటో తోలుతున్నాడు. వికెట్ కీపర్ బావర్చి. నెల్లూరులో సగం నికాహ్‌ల బిర్యానీ డేగ్‌లు తన చేతి మీదుగానే దిగాయంటాడు. లెఫ్ట్ హ్యాండర్ కువైట్‌లో డ్రైవర్. మా స్పిన్నర్ 2021లో కరోనాకి వెళ్ళిపోయాడు. జనాజాకి నలుగురమే వెళ్ళగలిగాం. అల్లాహ్ వాడికి మగ్ఫిరత్ ప్రసాదించాలి.

మా ఆట అసర్ నుంచి మగ్రిబ్ దాకా. టెన్నిస్ బంతికి కరెంటు టేపు చుట్టి, గోడ మీద బొగ్గుతో వికెట్లు గీసేవాళ్ళం. బంతి కోసం తలా ఒక రూపాయి చందా. బ్యాడ్ లైట్ అని చెప్పడానికి మాకు అంపైర్ అక్కర్లేదు, మౌజన్ సాబ్ అజాఁ ఇస్తే మ్యాచ్ ఖతమ్. రంజాన్‌లో మాత్రం తరావీహ్ అయ్యాక వీధి దీపం కింద సహరీ దాకా ఆడేవాళ్ళం. బాసీ ఈద్ రోజు సైకిళ్ళ మీద మైపాడు పోయేవాళ్ళం. అల వెనక్కి వెళ్ళిన తడి ఇసుక సిమెంటులా గట్టిగా ఉంటుంది, బంతి జారిపోయేది. పక్క పాలెం పిల్లలు వచ్చి కలిసేవాళ్ళు. వాళ్ళు కొట్టే సిక్సర్లు నేరుగా సముద్రంలోకే.

పక్క వీధి తెలుగు మీడియం పిల్లలతో మాకు రోజూ మ్యాచ్, రోజూ కొట్లాట. నేను తెలుగు డిగ్రీలో చదివాను గానీ, తెలుగులో గొడవపడటం మాత్రం ఆ గ్రౌండులోనే నేర్చుకున్నాను. మా వాళ్ళు "నక్కో రే, అవుట్ నై" అంటే, వాళ్ళు "ఏందబ్బా, బ్యాట్‌కి తగిలింది గదా" అనేవాళ్ళు. మా తమ్ముళ్ళు ఏడిస్తే వాళ్ళనీ ఆటలో పెట్టుకునేవాళ్ళం, ఆటలో అరటిపండులా. వాళ్ళు అవుటైనా అవుట్ కాదు, కొట్టినా రన్ను కాదు. వాళ్ళతో ఎవరూ కొట్లాడరు, అందరూ ముద్దు చేస్తారు. ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. మాతో కొట్లాడటమే వాళ్ళు మాకిచ్చిన ఇజ్జత్. లెక్కలో ఉన్నవాడితోనే ఎవరైనా కొట్లాడతారు.

1996లో వరల్డ్ కప్ రంజాన్ చివరి రోజుల్లో మొదలైంది. మార్చి 9న బెంగుళూరులో ఇండియా, పాకిస్తాన్ క్వార్టర్ ఫైనల్. మాకు టెన్త్ పరీక్షలు దగ్గర పడ్డాయి, అయినా అందరం ఒక టీ హోటల్ టీవీ ముందు చేరాం. అక్కడొక పెద్దాయన నా వైపు తిరిగి, "ఏం భాయ్, ఇవాళ మీవాళ్ళు గెలుస్తారా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నా గొంతులో టీ ఆగిపోయింది. నేను నోరు తెరిచేలోపు పక్క వీధి వాళ్ళ కెప్టెన్ అందుకున్నాడు. "వాళ్ళవాళ్ళు, మనవాళ్ళు ఏంది సార్? కెప్టెన్ అజహరుద్దీన్ గదా! వీడు మా వీధిలో వన్‌డౌన్." అంతే, మళ్ళీ టీవీ వైపు తిరిగాడు. జడేజా 25 బంతుల్లో 45 కొట్టాడు. అమీర్ సొహైల్ ఫోర్ కొట్టి వేలు చూపించాడు, వెంటనే వెంకటేశ్ ప్రసాద్ వాడి వికెట్ ఎగరగొట్టాడు. 39 రన్నులతో గెలిచాం. ఆ రాత్రి ఎవరు ఎవరిని ఎత్తుకుని గెంతామో ఖుదాకే తెలియాలి.

అజహర్ మాకు మామూలు ఆటగాడు కాదు. హైదరాబాద్ గల్లీల నుంచి వెళ్ళి, ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీ కొట్టినవాడు. ఆ మణికట్టు తిప్పడం మాలో ఎవరికీ రాలేదు, అందరం ప్రయత్నించాం. 2000లో ఫిక్సింగ్ కేసులో బోర్డు ఆయన్ని జీవితకాలం నిషేధించింది. జడేజాకి ఐదేళ్ళు పడింది. జడేజా సంగతేంటని ఎవరూ ఎవరినీ నిలదీయలేదు. అజహర్ సంగతి మాత్రం నన్ను అడిగారు, నేనేదో ఆయన జామీన్‌దారునైనట్టు. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. అప్పుడు అడిగినవాళ్ళలో ఒక్కరూ మళ్ళీ రాలేదు.

2020 నవంబరులో సిరాజ్ ఆస్ట్రేలియాలో ఉండగా ఇక్కడ వాళ్ళ అబ్బాజాన్ ఇంతెకాల్ అయ్యారు. ఆటో నడిపి కొడుకుని పెంచిన మనిషి. సిరాజ్ జట్టుతోనే ఉండిపోయాడు. సిడ్నీలో ప్రేక్షకులు తిడితే దాచుకోలేదు, కెప్టెన్‌కీ అంపైర్లకీ చెప్పాడు, ఆట ఆగింది. తర్వాత బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు. ఆ రోజు మా ఓపెనర్ ఆటో పక్కన ఆపి గ్రూపులో ఒక ఆడియో పెట్టాడు. మాటల్లేవు, ఏడుపే.

అమెరికా దోస్తు ఆ రాత్రి ఇంకో సంగతి చెప్పాడు. అక్కడ పెద్ద లీగ్‌లో ఒకప్పుడు నల్లవాళ్ళని ఆడనిచ్చేవాళ్ళు కాదట. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టు తరఫున దిగి ఆ గోడ దాటాడు. ఇప్పుడు ఏటా ఆ రోజు లీగ్‌లో ప్రతి ఆటగాడూ ఆయన 42 నంబరు జెర్సీయే వేసుకుంటాడు. ఎవరు ఎవరో నంబరు చూసి చెప్పలేరు. నాకు ఆ మాట చాలాసేపు వదల్లేదు.

పోయిన మ్యాచ్ రోజుల్లో మా అమ్మాయి స్కూలు నుంచి ముఖం ముడుచుకుని వచ్చింది. "అబ్బా, నువ్వెవరికి సపోర్ట్ అని క్లాసులో నన్నొక్కదాన్నే అడిగారు. ఏం చెప్పాలి?" అంది. వాళ్ళమ్మ "ఇండియా అని చెప్పి ఊరుకోవాల్సింది" అంది. ఆ జవాబు నిజమే, మాకు ఎప్పుడూ అదే జవాబు. కానీ బాధ జవాబులో లేదు, నన్నొక్కదాన్నే అన్న మాటలో ఉంది.

నేను దానికి ఇలా చెప్పాను: "బేటీ, ఎవరి పక్క అని అడిగేది గోడ అవతల నిలబడి చూసేవాణ్ణి. జట్టులో ఉన్నవాణ్ణి ఎవరూ అలా అడగరు, ఎన్నో నంబర్లో దిగుతావని అడుగుతారు. ఈసారి అడిగితే నీ నంబరు చెప్పు."

కాసేపు ఆలోచించి, "నేను వన్‌డౌన్ అని చెప్తా" అంది.